పది ముప్పై ఐదుకి వచ్చిన ప్రశ్న

సాయంత్రం ఐదు గంటలకు మాస్టారు లైవ్ పెట్టి, ఒక మనిషి చావుకు తానే కారణమని పదకొండు వేలమంది ముందు ఒప్పుకోబోతున్నారు. ఇప్పుడు టైము ఒంటిగంటా నలభై. ఆయన్ని ఆపడానికి డిటెక్టివ్ చేతిలో ఉన్నది సరిగ్గా మూడు గంటల ఇరవై నిమిషాలు.

బుధవారం ఉదయమే ఆమెను పిలిపించింది మాస్టారు కాదు, ఆయన భార్య. ఇవాళ కూడా తనే తలుపు తీసి, లోపలికి చూపించి, గొంతు తగ్గించి చెప్పింది.

"మంగళవారం నుంచి మెతుకు ముట్టలేదమ్మా. ఒప్పుకుంటే మనసు తేలికవుతుందంటున్నారు. ఈయన చెయ్యని తప్పు ఒప్పుకుంటే నా మనసేం కావాలి?"

మాస్టారు నలభై ఏళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోవడం చేతకాక, ఫోను భార్య చేతికిచ్చి పట్టుకోమని వీడియోలు మొదలుపెట్టారు. తాడు ఎప్పుడు మార్చాలి, బ్రేకు చప్పుడు ఎలా వినాలి, తలుపు లాకు ఎక్కడ అరుగుతుంది, ఇవీ ఆయన పాఠాలు. వాటి చుట్టూ ఒక గ్రూపు తయారైంది. ఎక్కడెక్కడి మెకానిక్కులో అందులో చేరారు. పార్టు దొరకనివాడికి పార్టు దొరికేది, పని పోయినవాడికి పని దొరికేది, భయపడేవాడికి ధైర్యం దొరికేది. తిట్లు మాత్రం అందరికీ సమానంగా దొరికేవి.

అందులో చేరినవాడే పొడుగు. ఆరున్నర అడుగుల మనిషి. ఆరేళ్ళ క్రితం పానా పట్టుకోవడం తప్ప ఏమీ తెలియకుండా వచ్చి, మాస్టారి వీడియోలు చూసీ చూసీ మంచి మెకానిక్కయ్యాడు. మంగళవారం ఉదయం తన కంపెనీ పని మీద ఒక ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగుకు వెళ్ళి, లిఫ్టు గోతిలో పడి చనిపోయాడు.

డిటెక్టివ్ మాస్టారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ పోస్టు ఇంకోసారి చదవండి మాస్టారూ."

ఆయనకు చదవాల్సిన అవసరం లేదు. కంఠతా వచ్చు.

"'మాస్టారూ, నాలుగో ఫ్లోరు డోర్ లాక్ పనిచెయ్యట్లేదు. మీ వీడియోలో చూపించినట్టే వైరు పెట్టి కలిపేశాను. తలుపు తీసి ఉన్నా లిఫ్టు తిరుగుతోంది. పర్లేదా?' పది ముప్పై ఐదుకి పెట్టాడమ్మా. నేను పేపరు చదువుకుంటున్నాను. ఫోను చార్జింగులో ఉంది. పదకొండింటికి చూశాను. ప్యానెల్ రికార్డు ప్రకారం వాడు పోయింది పది నలభై ఎనిమిదికి. పదమూడు నిమిషాలు! 'ఆపరా వెధవా' అని రెండు మాటలు రాయడానికి పదమూడు నిమిషాలు సరిపోవూ?"

లిఫ్టులో ఏ అంతస్తు తలుపు తెరిచి ఉన్నా అది కదలకూడదు. ప్రతి తలుపుకీ ఉన్న లాకు పని అదే. లిఫ్టును నడిపే కరెంటు పెట్టెను ప్యానెల్ అంటారు. అందులో రెండు చోట్ల చిన్న వైరు ముక్క పెట్టి కలిపేస్తే, తలుపులన్నీ మూసే ఉన్నాయని లిఫ్టు నమ్మేస్తుంది. మూడేళ్ళ క్రితం మాస్టారు ఒక వీడియోలో ఆ వైరు పెట్టి చూపించిన మాట నిజమే. "ఇలా కనిపిస్తే పీకి పారెయ్యండి, పెట్టినవాణ్ణి నాకు చూపించండి" అని అరిచిన మాటా నిజమే. కానీ ఇప్పుడు లోకమంతా తిరుగుతున్నది వైరు పెట్టే నలభై సెకన్ల ముక్క ఒక్కటే.

"వాడి పెళ్ళాం ఫోన్ చేసింది," అన్నారు మాస్టారు. "తిట్టలేదు. 'మీ పాఠాలు వినే పోయాడండీ' అంది. అంతే."

"పోస్టులో ప్యానెల్ ఫోటో ఉంది మాస్టారూ. పక్కన వాచీ లేదు."

ఆ గ్రూపులో రెండు నియమాలు. నువ్వేం చేసి చూశావో ముందు చెప్పు, తర్వాత అడుగు. రెండోది, ప్యానెల్ ఫోటో తీస్తే స్క్రీను పక్కన నీ చేతి వాచీ పెట్టి తియ్యి. ప్యానెల్ గడియారాన్ని ఎవరూ సరిచెయ్యరు, దాన్ని నమ్మినవాడు మోసపోతాడు అని మాస్టారు వందసార్లయినా చెప్పి ఉంటారు.

"కంగార్లో మర్చిపోయుంటాడమ్మా."

"ఆరేళ్ళలో మిమ్మల్ని నాలుగు వందల పన్నెండు ప్రశ్నలడిగాడు మాస్టారూ. రెండు రోజులు కూర్చుని అన్నీ చూశాను. ఒక్కదాంట్లో కూడా వాచీ మర్చిపోలేదు. వేలు తెగి రక్తం కారుతున్న రోజు పెట్టిన ఫోటోలో కూడా వాచీ ఉంది." డిటెక్టివ్ లేచింది. "ఐదింటిదాకా ఒక్క మాట మాట్లాడకండి. నాకోసం కాదు, మీ ఆవిడ కోసం."

* * *

బిల్డింగు సూపర్‌వైజర్ యాభై దాటినవాడు. నడుముకు తాళాల గుత్తి వేలాడుతోంది. యజమాని రాసిచ్చిన అనుమతి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి మెట్లెక్కాడు. మెషీన్ రూము ఆరో అంతస్తు పైన ఉంది.

"ఈ గది తాళం ఎవరెవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు మేడమ్. నేను తియ్యాల్సిందే, నేను వెయ్యాల్సిందే." ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"పొడుగు ఈ బిల్డింగుకి ఎప్పట్నుంచి వస్తున్నాడు?"

"మంగళవారమే మొదటిసారి. పాతాయన సెలవులో ఉన్నాడంట. తొమ్మిదిన్నరకి వచ్చాడు, ఒక్కడే. గుమ్మం తగలకుండా వంగి వచ్చాడు."

"చప్పుడు ఎప్పుడు విన్నారు?"

"పది యాభైకి." ఆలోచించకుండా చెప్పేశాడు. మామూలుగా మనుషులు 'ఇంచుమించు' అంటారు, 'పదిన్నర దాటింది' అంటారు. ఇతను బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. డిటెక్టివ్ దాన్ని అప్పటికి అలాగే వదిలేసింది.

గదిలో మోటారు, దాని పక్కన మనిషెత్తు ఇనుప పెట్టె. పోలీసులు మంగళవారమే ఫోటోలు తీసుకుని, ప్రమాదం అని రాసుకుని వెళ్ళిపోయారు. పెట్టె తలుపు తీస్తే చిన్న స్క్రీను, వరసగా స్క్రూలు, వాటిలో రెండింటిని కలుపుతూ పచ్చటి వైరు ముక్క. లోపలివైపు దారంతో వేలాడుతున్న సర్వీసు కార్డు. వచ్చిన మెకానిక్కు నెలనెలా పని ముగించి సంతకం పెట్టి వెళ్ళే అట్ట ముక్క అది.

డిటెక్టివ్‌కు లిఫ్టుల గురించి మూడు రోజుల క్రితం ఎక్కడం, దిగడం తప్ప ఏమీ తెలియదు. ఇప్పుడూ పెద్దగా తెలియదు. కానీ తెలిసినవాళ్ళు పదకొండు వేలమంది ఆమె జేబులో ఉన్నారు. బుధవారం ఉదయం గ్రూపులో చేరి, "నేను మెకానిక్కును కాను, డిటెక్టివ్‌ను, తెలియక అడుగుతున్నాను" అని నిజాయితీగా రాసుకుంది. మొదట నలుగురు వెక్కిరించారు. తర్వాత నలభైమంది నేర్పించారు. వాళ్ళలో గ్రూపంతా 'గ్రీజు' అని పిలిచే మెకానిక్కమ్మాయి ఆమెకు పాఠాలు చెప్పే బాధ్యత పూర్తిగా తన మీద వేసుకుంది.

డిటెక్టివ్ తన చేతి వాచీ విప్పి స్క్రీను పక్కన పెట్టి ఫోటో తీసింది. తీస్తుండగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

వాచీలో రెండు నలభై రెండు. స్క్రీనులో మూడు పదకొండు.

ఫోనులో టైము చూసింది. రెండు నలభై రెండే. ప్యానెల్ గడియారం ఇరవై తొమ్మిది నిమిషాలు ముందుంది.

గ్రీజు చెప్పిన బటన్లు చెప్పిన వరసలో నొక్కి మంగళవారం రికార్డు తెరిచింది. మూడు లైన్లున్నాయి. గ్రీజుకు ఫోటో పంపిన రెండు నిమిషాలకు జవాబొచ్చింది.

"అక్కా, పది ఇరవై నాలుగుకి డోర్ లాక్ ఫాల్ట్ అంటే ఆ వైరు అప్పుడు పీకేశారన్నమాట. లిఫ్టు ఆగిపోయింది. పది నలభై ఆరుకి ఫాల్ట్ పోయిందంటే వైరు మళ్ళీ ఎవరో పెట్టారు. పది నలభై ఎనిమిది ఎమర్జెన్సీ స్టాప్, అంటే ఏదో తగిలి లిఫ్టు గట్టిగా ఆగిపోయింది... అదే అక్కా. ఇంకేం చెప్పను."

డిటెక్టివ్ ఒక్కో లైనులోంచీ ఇరవై తొమ్మిది తీసేసి నోటుబుక్కులో రాసుకుంది. తొమ్మిది యాభై ఐదుకి వైరు పీకారు. పది పదిహేడుకి మళ్ళీ పెట్టారు. పది పంతొమ్మిదికి పొడుగు చనిపోయాడు.

పదహారు నిమిషాల తర్వాత, పది ముప్పై ఐదుకి, మాస్టారిని ప్రశ్న అడిగాడు.

ఆమె ఆ చివరి టైము కింద రెండు గీతలు గీసింది.

"ఓహో, ఇక్కడిదాకా వచ్చారా!"

గుమ్మంలో కన్సల్టెంట్ నిలబడి ఉన్నాడు. పొడుగు పనిచేసిన లిఫ్టు కంపెనీ విచారణ కోసం పెట్టుకున్న మనిషి. ఒక చేతిలో కర్రకు బిగించిన ఫోను. లక్షమంది ఫాలోవర్లున్నారని విజిటింగ్ కార్డు మీద కూడా వేయించుకున్నాడు. మంగళవారం సాయంత్రం, పొడుగు శవం ఇంటికి చేరకముందే, 'ఈ ప్రమాదం నేర్పే ఐదు పాఠాలు' అని పోస్టు పెట్టి మాస్టారి వీడియోలోంచి ఆ నలభై సెకన్ల ముక్క కత్తిరించింది ఈయనే.

"మీకెంతమంది ఫాలోవర్లు మేడమ్?"

"నన్నెవరూ ఫాలో అవరు సార్. నేనే అందర్నీ ఫాలో అవుతుంటాను. నా వృత్తి అలాంటిది."

సూపర్‌వైజర్ నవ్వబోయి దగ్గాడు. కన్సల్టెంట్ ముఖం మాడ్చుకున్నాడు.

"కేసు ముగిసిపోయింది. వాడే వైరు పెట్టాడు, వాడే ఫోటో తీశాడు, వాడే పోస్టు పెట్టాడు. పది నలభై ఎనిమిదికి పోయాడు. మెషీన్ అబద్ధం చెప్పదు."

"చెప్పదు. కానీ దాని గడియారం ఇరవై తొమ్మిది నిమిషాలు ముందు నడుస్తోంది. మీ ఫోను పక్కన పెట్టి చూసుకోండి. ఎలాగూ కర్రకు కట్టుకునే తిరుగుతున్నారు."

అతను చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. "రెండు రోజుల్లో గడియారం మారి ఉండొచ్చు."

"ఉండొచ్చు. అది పక్కన పెట్టండి. మీ పోస్టులో వాడుకున్నారే పొడుగు తీసిన ఫోటో, అది తెరవండి. పెద్దది చెయ్యండి. మూలన సర్వీసు కార్డు కనిపిస్తోందా? సంతకాలెన్ని?"

అతను ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "...ఏడు."

డిటెక్టివ్ కార్డును దారంతో సహా అతని కళ్ళముందుకు లాగింది. "ఇక్కడ?"

తొమ్మిది.

"నెలకొక సంతకం. అంటే ఈ ఫోటో తీసింది రెండు నెలల క్రితం. పొడుగు ఈ గదిలో కాలుపెట్టింది మంగళవారం. వాడు పెట్టిన వైరు కాదిది సార్, వాడు పీకేసిన వైరు. మీరు ఐదు పాఠాలు రాసేముందు ఒక్క కార్డు చదవలేకపోయారా?"

"నాకు ఫోటో వాడి అకౌంట్లోంచే వచ్చింది!" కన్సల్టెంట్ గొంతు పెరిగింది. "ఆ అకౌంట్లు ఎలాంటివో నాకు మీరు చెప్పకండి. కంపెనీ మెకానిక్కులందరి ప్రొఫైళ్ళూ నేను తీర్చిదిద్దినవే. 'మా కంపెనీని చూసి గర్వపడుతున్నా' అని శుక్రవారం శుక్రవారం పోస్టు పడుతోందంటే అది నా పనే. వాళ్ళకి సొంతంగా నాలుగు ముక్కలు రాయడం కూడా రాదు."

"అంటే వాళ్ళ పాస్‌వర్డులు కంపెనీ దగ్గరున్నాయి."

నోరు జారానని అతనికి అప్పుడు తెలిసింది. కర్ర కిందికి దిగింది. ఫోను కెమెరా నేలకేసి చూస్తోంది.

"ఎవరి దగ్గర?"

"లిస్టు... సర్వీస్ ఇంజనీరు దగ్గర ఉంటుంది. కానీ దానికీ దీనికీ..."

"ఏడో సంతకం ఎవరిదో చదవండి."

అతను చదివాడు. పైకి మాత్రం చదవలేదు. "మీరు ఈ మాట ఎక్కడైనా రాశారంటే కంపెనీ మిమ్మల్ని కోర్టుకీడుస్తుంది" అని ఒక బెదిరింపు పడేసి మెట్లు దిగిపోయాడు. దిగుతూ దిగుతూ తన ఐదు పాఠాల పోస్టు చెరిపేసుకున్నాడని గ్రీజు ఐదు నిమిషాల్లో కబురు పెట్టింది. ఫోటో తీసి దాచానక్కా అని కూడా రాసింది.

గదిలో ఇద్దరే మిగిలారు. డిటెక్టివ్ సూపర్‌వైజర్ వైపు తిరిగింది. అతను గోడకు ఆనుకుని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది.

"పది పదిహేడుకి పొడుగు నాలుగో అంతస్తులో తలుపు తీసుకుని గోతిలోకి వంగి లాకు చూస్తున్నాడు. అదే సమయంలో ఈ గదిలో ఎవరో వైరు పెట్టారు. ఈ గది తాళం మీరే తియ్యాలి, మీరే వెయ్యాలి. అన్నది మీరే."

"నేను చదువుకున్నవాణ్ణి కాదు మేడమ్, నాకు ఇవన్నీ ఏం తెలుస్తాయి..."

"తెలియదు. అందుకే ఎవరో చెప్తే చేశారు. మీ ఫోనివ్వండి."

"ఫోనెందుకు మేడమ్..."

"ఇవ్వండి."

ఇచ్చాడు. మంగళవారం. పది పదకొండుకి అతను చేసిన కాల్. పది పధ్నాలుగుకి వచ్చిన వీడియో కాల్, నాలుగు నిమిషాలు. పది ఇరవై ఐదుకి మళ్ళీ అతను చేసిన కాల్. మూడూ ఒకే మనిషితో. ఫోను గడియారం నెట్‌వర్కు చూసి తనంతట తానే సరిచేసుకునేది. వీడియో కాల్ నడుస్తుండగానే వైరు పడింది.

సూపర్‌వైజర్ మోటారు దిమ్మ మీద కూలబడ్డాడు.

"ఆరో ఫ్లోరు ఆఫీసరు కేకలేశాడు మేడమ్. పదిన్నరకి పెద్దవాళ్ళు వస్తున్నారు, లిఫ్టు నడవకపోతే నువ్వు రేపట్నుంచి రావక్కర్లేదన్నాడు. పొడుగునడిగితే, 'లాకు పోయింది, కొత్తది వచ్చేదాకా నడపనివ్వను, ఎవరైనా చచ్చిపోతారు' అన్నాడు. వైరు పీకి పెట్టె మీద పెట్టాడు. పని జరుగుతోందని బోర్డు కూడా తగిలించాడు. నేను ఇంజనీరు సార్‌కి ఫోన్ చేశాను. ఆయన వీడియోలో చూపిస్తూ చెప్పాడు. బోర్డు తియ్యి, పచ్చ వైరు తీసుకో, ఈ స్క్రూకీ ఆ స్క్రూకీ పెట్టు, అంతే అన్నాడు. 'మనిషి కింద పని చేస్తున్నాడు సార్' అన్నాను. 'వాడికి నేను ఫోన్ చేసి చెప్తాలే' అన్నాడు."

"చేశాడా?"

"చెయ్యలేదు మేడమ్." అతను అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు. "నేను మెట్లు దిగి వచ్చేసరికి లిఫ్టు కదిలి అతన్ని గోతిలోకి నెట్టేసింది. మళ్ళీ పైకొచ్చి ఫోన్ చేశాను. ప్యానెల్ రికార్డులో చివరి లైను టైమెంతో చదవమన్నాడు. పది నలభై ఎనిమిది అని చదివాను. 'బతికావు పో, పది యాభైకి చూశానని చెప్పు' అన్నాడు. నా చేతుల్తోనే పెట్టాను మేడమ్. ఈ చేతుల్తోనే."

ప్యానెల్ గడియారం తప్పని ఆ ఇంజనీరుకు తెలుసు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళెవరికైనా తెలుస్తుంది. దాన్ని సరిచెయ్యని బద్ధకమే అతనికి కలిసొచ్చింది. అసలు టైముకీ ప్యానెల్ టైముకీ మధ్య మిగిలిన సమయంలో పాత ఫోటో వెతికి, చనిపోయినవాడి అకౌంట్లోకి వెళ్ళి, నెపం ఒక ముసలాయన మీదికి తోశాడు. డిటెక్టివ్‌కు ఒళ్ళు మండిపోయింది. సూపర్‌వైజర్ చెప్పిందంతా రాయించి సంతకం తీసుకుంది, ఫోనులో మాట రికార్డు చేసుకుంది, పోలీసు స్టేషనుకు ఫోన్ చేసి ఇనస్పెక్టరుతో పావుగంట పోట్లాడింది. చివరికి ఆయన మనిషిని పంపుతానన్నాడు.

"ఇంజనీరుతో ఒక్క మాట కూడా మాట్లాడొద్దు," అని సూపర్‌వైజర్‌కు చెప్పి మెట్లు దిగింది. అతను తలూపాడు. ఆ తల ఊపులో ఎంత బలముందో ఆలోచించే తీరిక ఆమెకు లేదు. అప్పటికే నాలుగు దాటింది.

* * *

నాలుగు నలభైకి మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను స్టాండు ముందు కూర్చుని ఉన్నారు. చేతిలో మడిచిన కాగితం. భార్య ఇంట్లో లేదు. ఆ మాటలు వినలేనని సంచీ పట్టుకుని బజారుకు వెళ్ళిపోయింది.

డిటెక్టివ్ నిలబడే చెప్పింది. గడియారం, కార్డు, కాల్ లిస్టు, అన్నీ వరసగా చెప్పింది. అంతా విన్నాక మాస్టారు చిన్నపిల్లాడిలా అడిగారు.

"అంటే... నేను పది ముప్పై ఐదుకే చూసుంటే?"

"చూసినా మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు మాస్టారూ. అప్పటికి పదహారు నిమిషాలు దాటిపోయింది. ఆ ప్రశ్న అడిగింది వాడు కాదు."

మాస్టారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఏడ్చారు. డిటెక్టివ్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఏడ్చే మనిషిని చూస్తూ నిలబడటం ఆమెకు చేతకాదు.

"వైరు పీకాడన్నావు కదూ?"

"పీకాడు. లాకు మారేదాకా నడపనివ్వనన్నాడు. బోర్డు పెట్టాడు."

"నేను చెప్పినట్టే చేశాడు." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "నేను చెప్పినట్టే చేసి పోయాడమ్మా. అదింకా కష్టంగా ఉంది." చేతిలో కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. "లైవ్ ఆపను. టైముకి మొదలుపెడదాం."

ఐదు గంటలకు పదకొండు వేలమందిలో సగం వచ్చి కూర్చున్నారు. పని మీదున్నవాళ్ళు మెషీన్ రూముల్లోంచి, బస్సుల్లోంచి, మెట్ల మీదినుంచి చూస్తున్నారు. గ్రీజు అందరికంటే ముందు వచ్చింది. పొడుగు భార్యను కూడా లైవ్‌లోకి పిలిచానని రాసింది.

మాస్టారు దండం పెట్టలేదు, ముందుమాట చెప్పలేదు. "అమ్మా, నీ భర్త తప్పు చెయ్యలేదు," అన్నారు. "నా పాఠం విని పోలేదు. నా పాఠం విని పదిమందిని కాపాడబోయాడు. వాణ్ణి చంపింది వాడు పీకేసిన వైరు మళ్ళీ పెట్టించినవాడు."

తర్వాత వరసగా చెప్పారు. ఎక్కడా గొంతు పెంచలేదు. ఇంజనీరు పేరెత్తలేదు. పోలీసులు చెప్తారులే అన్నారు. కామెంట్లు ఆగిపోయాయి.

"ఇప్పుడు మీకు పని. ఆ కంపెనీ సర్వీసు చేసే లిఫ్టు మీ చుట్టుపక్కల ఎక్కడున్నా, మనుషుల్ని దింపి, ప్యానెల్ తీసి చూడండి. అలాంటి వైరు ఉంటే పీకండి. ఫోటో పెట్టండి."

ఎనిమిది నిమిషాల్లో ఏడు ఫోటోలొచ్చాయి. ఏడు బిల్డింగులు. అన్నింట్లోనూ ఆ రెండు స్క్రూల మధ్య వైరు ముక్క, సర్వీసు కార్డు మీద అదే సంతకం. మాస్టారు ఒక్కొక్కటీ చూస్తుంటే ఆయన ముఖం గట్టిపడుతూ వచ్చింది. ఈ ఏడింటిలో ప్రతిరోజూ ఎంతమంది ఎక్కి దిగుతున్నారో ఆ గదిలో ఇద్దరూ లెక్క వేసుకోదలచుకోలేదు.

ఎనిమిదో ఫోటో కోసం చూస్తుండగా ఒక కామెంటు పడింది.

"మాస్టారు గారూ, దయచేసి లైవ్ ఆపండి. మీ బిల్డింగు కిందే ఉన్నాను. పైకి వచ్చి అంతా వివరంగా మాట్లాడతాను."

పక్కన గుండ్రటి చిన్న ఫోటో. గుమ్మానికి తల తగలకుండా వంగి నవ్వుతున్న పొడుగు.

డిటెక్టివ్ ఆ కామెంటును మూడుసార్లు చదివింది. మూడోసారికి అర్థమైంది. బెదిరింపు కాదు, పొరపాటు. మంగళవారం చనిపోయినవాడి అకౌంట్లోకి వెళ్ళిన ఇంజనీరు, అందులోంచి బయటికి రావడం మర్చిపోయాడు. తన పేరుతోనే రాస్తున్నానని అనుకుంటున్నాడు. సూపర్‌వైజర్ ఫోన్ చెయ్యకుండా ఉండలేకపోయాడన్నమాట.

"ఎవర్రా నువ్వు?" అని గ్రీజు రాసింది. దాని కింద వందలకొద్దీ అదే ప్రశ్న.

కామెంటు మాయమైంది. అతనికి తెలిసిపోయింది. కానీ అప్పటికే ఐదున్నర వేలమంది చదివేశారు, ఎందరో ఫోటో తీసి దాచేశారు.

డిటెక్టివ్ ఇనస్పెక్టరుకు ఫోన్ చేస్తూనే తలుపు తీసింది. ఎదురుగా లిఫ్టు. పైన అంకె ఒకటి, రెండు, మూడు. ఆగింది. పోలీసులు రావడానికి ఇంకా పది నిమిషాలు పడుతుందని ఫోనులో గొంతు చెబుతోంది.

తలుపులు తెరుచుకున్నాయి. మాస్టారి భార్య బయటికొచ్చింది. వెనక ఆమె సంచీ భుజాన వేసుకుని, కంపెనీ చొక్కా వేసుకున్న నలభై ఏళ్ళ మనిషి.

"ఈ బాబు మనింటికేనటమ్మా," అందావిడ. "బరువు నన్ను మొయ్యనివ్వలేదు. ఎంత మర్యాదో చూడు."

అతని ఒక చేతిలో ఫోను. అందులో మాస్టారి లైవ్ నడుస్తోంది. కింది మూలన పొడుగు ముఖం ఇంకా నవ్వుతూనే ఉంది. అతని నుదుటి మీద చెమట, కళ్ళు డిటెక్టివ్ భుజం మీదుగా లోపలికీ, మెట్ల వైపుకీ మారిమారి చూస్తున్నాయి. రెండో చెయ్యి మాత్రం ఆవిడ మోచేతిని వదలలేదు. మర్యాదగానే పట్టుకున్నాడు, గట్టిగా పట్టుకున్నాడు.

డిటెక్టివ్ ఒక అడుగు ముందుకేసింది. అతను ఆవిడతో సహా ఒక అడుగు లిఫ్టులోకి వెనక్కి వేశాడు.

"ముందు లైవ్ ఆపమనండి," అన్నాడు మెల్లగా. "అప్పుడు మాట్లాడుకుందాం."

లోపల కుర్చీ కిర్రుమంది. మాస్టారు ఫోనును స్టాండులోంచి తీసి, చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. కెమెరా ఎదుటి మనిషి ముఖానికి ఎదురుగా ఉంది.

"లోపలికి రా నాయనా," అన్నారు. "మా ఆవిడ చెయ్యి వదిలి రా. ఇక్కడ ఐదున్నర వేలమంది నీ కోసమే చూస్తున్నారు. అందులో వాడి పెళ్ళాం కూడా ఉంది."